లినక్స్ వేదికపై జపనీస్ అభ్యాస సాఫ్ట్‌వేర్: తెలుగు అభ్యాసకుని దృష్టితో ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

లినక్స్ కంప్యూటర్‌పై ఉచితంగా లభించే జపనీస్ అభ్యాస సాధనాలను తెలుగు అభ్యాసకుని దృష్టితో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. అంకి అనే ధారణ సాఫ్ట్‌వేర్, జేఎమ్‌డిక్ట్ నిఘంటువు, మోజ్క్ అనే టైపింగు సాధనం ఇందులో ప్రధాన పరిశీలనాంశాలు. సాంకేతికంగా ఇవి సమర్థమైనవే. కాని వీటన్నింటి వెనుక ఆంగ్లం మధ్యవర్తి భాషగా నిలబడి ఉంది. జపనీస్, తెలుగు భాషల మధ్య నేరుగా కనిపించే పోలికలు ఆ మధ్యవర్తిత్వంలో మరుగున పడుతున్నాయని ఉచ్చారణ, వాక్యనిర్మాణం, ఛందస్సుల నుంచి తీసిన ఉదాహరణలతో ఈ వ్యాసం నిరూపిస్తుంది. ఈ లోటును పూరించే అవకాశం ఆ సాధనాల స్వేచ్ఛా లైసెన్సులలోనే ఉందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: లినక్స్, అంకి, జేఎమ్‌డిక్ట్, మధ్యవర్తి భాష, దంత్య చకారం, క్త్వార్థకం, మాత్ర, మానవపాడు.

1. ఉపోద్ఘాతం:

కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న ప్రాంతాన్ని నడిగడ్డ అంటారు. మానవపాడు ఆ నడిగడ్డలోని మండలకేంద్రం. 2016 అక్టోబరు 11న ఏర్పడిన జోగులాంబ గద్వాల జిల్లాలో ఇది భాగం. అంతకుముందు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది. 1956 వరకు ఆలంపురం, గద్వాల తాలూకాలు రాయచూరు జిల్లాలో ఉండేవి. తెలుగు, కన్నడం, ఉర్దూ భాషలు చాలాకాలంగా కలిసి మసలిన నేల ఇది. ఇక్కడి ప్రజలకు రెండో భాష, మూడో భాష కొత్త సంగతులు కావు.

ఇటీవలి కాలంలో ఇటువంటి ప్రాంతాల యువతకు జపనీస్ భాష ఉపాధి ప్రశ్నగా ముందుకు వచ్చింది. జపాన్ 2019 ఏప్రిల్‌లో నిర్దిష్ట నైపుణ్య కార్మికుల వీసా విధానాన్ని ప్రారంభించింది. 2021 జనవరిలో దీనిపై భారత, జపాన్ ప్రభుత్వాల మధ్య ఒప్పందపత్రం కుదిరింది. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సింగు చదివినవారిని జపాన్ ఉద్యోగాలకు సిద్ధం చేసే శిక్షణలను చేపట్టింది. ఈ వీసా కోరేవారు జపనీస్ సామర్థ్య పరీక్షలో ఎన్4 స్థాయినిగాని, జపాన్ ఫౌండేషన్ నిర్వహించే ప్రాథమిక భాషాపరీక్షనుగాని దాటాలి. అంటే భాష రాకపోతే ఉద్యోగం లేదు.

హైదరాబాదులోని ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ జపనీస్ బోధిస్తుంది. మానవపాడు నుంచి అది రెండు వందల కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. హైదరాబాదు-కర్నూలు రైలుమార్గం ఊరి మీదుగానే పోతున్నా, రోజువారీ తరగతికి అది దూరమే. గురువు దూరంగా ఉన్నచోట సాఫ్ట్‌వేర్ గురువు స్థానాన్ని ఆక్రమిస్తుంది. కనుక ఆ సాఫ్ట్‌వేర్ ఏమి బోధిస్తుంది, ఏ భాష ద్వారా బోధిస్తుంది, ఏమి వదిలేస్తుంది అన్నవి విమర్శకు లొంగవలసిన ప్రశ్నలు. పాఠ్యపుస్తకాన్ని సమీక్షించినంత శ్రద్ధతో సాఫ్ట్‌వేర్‌నూ సమీక్షించాలన్నది ఈ వ్యాసానికి ప్రాతిపదిక.

లినక్స్‌ను ఎంచుకోవడానికి రెండు కారణాలున్నాయి. ఒకటి, లైసెన్సు ఖర్చు లేకుండా పాత కంప్యూటరుపై కూడా అది నడుస్తుంది. రెండవది, దానిపై నడిచే జపనీస్ సాధనాల్లో అధికభాగం లోపలి దత్తాంశంతో సహా తెరిచి చూడదగినవి, మార్చదగినవి. తెలుగు రాష్ట్రాల్లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రచారానికి, తెలుగు స్థానికీకరణకు 'స్వేచ్ఛ' సంస్థ చేసిన కృషి ఈ రెండో కారణం విలువను ఇప్పటికే తెలియజేసింది.

2. అంకి: ఆవృత్తి, ధారణ:

అంకి 2006లో డేమియన్ ఎల్మ్స్ రూపొందించిన సాఫ్ట్‌వేర్. ఆయన జపనీస్ నేర్చుకుంటున్న క్రమంలో ఇది పుట్టింది. 'అంకి' అంటే జపనీస్‌లో కంఠస్థం చేయడం. ఒక చీటీకి ముందువైపు ప్రశ్న, వెనుకవైపు జవాబు ఉంటాయి. జవాబు చూశాక అభ్యాసకుడు తన జ్ఞాపకాన్ని నాలుగు మీటల్లో ఒకదానితో తానే అంచనా కట్టాలి. ఆ అంచనాను బట్టి చీటీ రేపు రావాలా, పది రోజులకు రావాలా, మూడు నెలలకు రావాలా అన్నది సాఫ్ట్‌వేర్ నిర్ణయిస్తుంది.

దీని వెనుక ఉన్న సూత్రం పాతది. మనిషి మరపు ఏ వేగంతో సాగుతుందో జర్మన్ మనోవైజ్ఞానికుడు హెర్మన్ ఎబింగ్‌హాస్ 1885లో కొలిచి చూపాడు. పోలండుకు చెందిన పియోటర్ వోజ్నియాక్ 1987లో రూపొందించిన ఎస్‌ఎమ్-2 గణనవిధానం అంకికి తొలి ఆధారం. 2023లో వచ్చిన 23.10 రూపంలో ఎఫ్‌ఎస్‌ఆర్‌ఎస్ అనే కొత్త విధానం చేరింది. ఇది అభ్యాసకుని గత జవాబుల నుంచి అతని మరపు తీరును లెక్కగట్టి వ్యవధులను నిర్ణయిస్తుంది.

తెలుగు విద్యాసంప్రదాయానికి ధారణ కొత్త కాదు. వీధిబడుల్లో వల్లెవేత ఉండేది. అవధానంలో ధారణకు నేటికీ ఉన్న గౌరవం తెలిసిందే. అయితే వల్లెవేతకూ అంకికీ మౌలికమైన భేదం ఉంది. వల్లెవేతలో వచ్చినదీ రానిదీ సమానంగా తిరిగి వస్తాయి. అంకిలో వచ్చినది దూరం జరుగుతుంది, రానిది దగ్గరకు వస్తుంది. 2,136 జోయో కంజిలను, అంటే జపాన్ ప్రభుత్వం నిత్యవ్యవహారానికి నిర్దేశించిన చిత్రాక్షరాలను, ఎదుర్కోవలసిన అభ్యాసకునికి ఈ భేదం చిన్నది కాదు. ఒకసారి కంప్యూటరులో నెలకొల్పాక అంకి అంతర్జాలం లేకుండానే నడుస్తుంది. నిలకడ లేని కనెక్షను ఉన్నచోట ఇది గొప్ప సౌకర్యం.

లోపాలనూ చెప్పాలి. అంకి గుర్తుపట్టడాన్ని కొలుస్తుంది, మాట్లాడటాన్ని కొలవదు. వందలాది పదాల అర్థాలు చెప్పగలిగిన వ్యక్తి ఒక్క వాక్యం నిర్మించలేకపోవచ్చు. నాలుగు మీటల్లో 'హార్డ్' అన్నది కష్టపడి జ్ఞాపకం తెచ్చుకున్నప్పటికి ఉద్దేశించినది. మరచిపోయినప్పుడు కూడా దాన్నే నొక్కితే సాఫ్ట్‌వేర్ తప్పు లెక్క కడుతుంది. పరీక్షించేవాడూ పరీక్షితుడూ ఒకడే కావడం వల్ల వచ్చే చిక్కు ఇది.

లినక్స్‌కు ప్రత్యేకమైన చిక్కు మరొకటి ఉంది. డిస్ట్రిబ్యూషన్ల సంచయాల్లో దొరికే అంకి ప్రతి తరచు పాతదై ఉంటుంది. అధికారిక ప్రతినే వాడమని అంకి సూచనగ్రంథం చెబుతుంది. ఒక్క ఆదేశంతో సంచయం నుంచి తెచ్చుకోవడానికి అలవాటుపడిన లినక్స్ వినియోగదారు ఈ హెచ్చరికను దాటిపోయే ప్రమాదం ఉంది.

3. నిఘంటువు, మధ్యవర్తి భాష:

లినక్స్‌పై లభించే జపనీస్ నిఘంటు సాధనాల్లో చాలావాటికి మూలం ఒక్కటే. ఆస్ట్రేలియాలోని మొనాష్ విశ్వవిద్యాలయానికి చెందిన జిమ్ బ్రీన్ 1991లో ప్రారంభించిన ఈడిక్ట్ క్రమంగా జేఎమ్‌డిక్ట్‌గా విస్తరించింది. నేడు అందులో రెండు లక్షలకు పైగా ఆరోపాలున్నాయి. కేడీఈ డెస్క్‌టాప్‌తో వచ్చే కైటెన్ వంటి సాధనాలు ఈ దత్తాంశంపైనే ఆధారపడ్డాయి. కంజిల గీతల క్రమాన్ని చూపే కంజివీజీ ఉల్రిష్ ఆపెల్ కృషి. జేఎమ్‌డిక్ట్, కంజివీజీ దత్తాంశాలు క్రియేటివ్ కామన్స్ లైసెన్సుల కింద ఉన్నాయి.

జేఎమ్‌డిక్ట్‌లో ప్రధాన అర్థవివరణ ఆంగ్లంలో ఉంటుంది. దానికి తోడు జర్మన్, డచ్, ఫ్రెంచ్, రష్యన్, హంగేరియన్, స్పానిష్, స్వీడిష్, స్లొవేనియన్ అర్థాలు వివిధ పరిమాణాల్లో చేరాయి. తెలుగు అందులో లేదు. స్లొవేనియన్ మాట్లాడేవారి సంఖ్య తెలుగువారి సంఖ్యలో చిన్న భాగం మాత్రమే. కనుక ఒక భాష నిఘంటువులోకి ఎక్కడానికి జనసంఖ్య కారణం కాదు. ఎవరో కూర్చుని దత్తాంశాన్ని తయారుచేయడమే కారణం.

మధ్యవర్తి భాష వల్ల నష్టమేమిటన్న ప్రశ్నకు 'అర్థం ఆలస్యంగా తెలుస్తుంది' అన్నది పైపై జవాబు. అసలు నష్టం వేరు. మధ్యవర్తి భాషలో లేని భేదాలను అభ్యాసకుడు కష్టమైనవిగా భావిస్తాడు, అవి తన మాతృభాషలో ఉన్నా సరే. వచ్చే మూడు విభాగాలు దీనికి నిదర్శనాలు.

4. లిపి, ఉచ్చారణ:

జపనీస్ కన అక్షరాల పట్టిక వరుస అ, ఇ, ఉ, ఎ, ఒ. ఆపై క, స, త, న, హ, మ, య, ర, వ. దీన్ని గొజూఒన్ అంటారు. బౌద్ధంతో జపాన్ చేరిన సిద్ధం లిపి అధ్యయనం ఈ క్రమానికి ప్రేరణ. 11వ శతాబ్దినాటి రచనల్లో దీని తొలి ఆధారాలు కనిపిస్తాయి. 'స' వరుస చవర్గ స్థానంలో, 'హ' వరుస పవర్గ స్థానంలో ఉన్నాయి. ప్రాచీన జపనీస్‌లో హకారం పకారంగా ఉండేదన్న భాషాశాస్త్రజ్ఞుల నిర్ణయం వెలుగులో ఈ వరుస క, చ, త, న, ప, మ, య, ర, వ అవుతుంది. తెలుగు వర్ణమాల నేర్చిన బాలుడికి ఇది పరిచితమైన దారి. ఆంగ్లం ద్వారా వచ్చిన అభ్యాసకునికి మాత్రం ఇది కొత్తగా బట్టీపట్టవలసిన పట్టిక. సాఫ్ట్‌వేర్ అందరినీ ఆ రెండో అభ్యాసకునిగానే భావిస్తుంది.

అచ్చుల విషయం ఇంకా ముఖ్యమైనది. జపనీస్‌లో ఎ-ఏ, ఒ-ఓ భేదం అర్థాన్ని మారుస్తుంది. రోమన్ లిపి ఈ భేదాన్ని అదనపు గుర్తులతో తప్ప చూపలేదు. నాగరిలిపి సాధారణ వర్ణమాలలో హ్రస్వ ఎకార ఒకారాలు లేవు. తెలుగు లిపిలో ఉన్నాయి. అయినా తెలుగు పత్రికలు జపాన్ పేర్లను ఆంగ్ల స్పెల్లింగు నుంచి ఊహించి రాస్తున్నాయి. 'ఒసాకా' అని రాసే నగరం పేరు నిజానికి 'ఓసక'. హ్రస్వదీర్ఘాలు పూర్తిగా తారుమారయ్యాయి. 'క్యోటో' అన్నది 'క్యోతొ', 'యోకోహామా' అన్నది 'యొకొహమ', 'హిరోషిమా' అన్నది 'హిరొశిమ'. 'టోక్యో' ఒక్కదానిలో దీర్ఘాలు సరిపోయాయి గాని, మొదటి హల్లు టకారం కాదు, తకారం. జపనీస్ త, ద లు దంతస్థానానికి దగ్గరగా పలికేవి. ఆంగ్లం వాటిని తెలుగువారి నోట ట, డ లుగా మార్చింది.

దంత్య చకారం ఇందులో మరీ ఆసక్తికరం. తెలుగులో 'చుక్క', 'చల్ల' వంటి మాటల్లో వినిపించే 'ౘ' ధ్వని, జపనీస్ కన పట్టికలో త వరుస మూడో అక్షరం ధ్వని దాదాపు ఒకటే. 'సునామీ' అని మనం రాసే మాట జపనీస్‌లో 'ౘునమి'. అలాగే పదాదిని వచ్చే అక్కడి జకారసదృశ ధ్వనికి 'ౙ' సరిపోతుంది. ఆంగ్లం మాతృభాషగా గలవారు పదాదిలో పలకడానికి ఇబ్బందిపడే ధ్వని తెలుగువారి నోట సహజంగా ఉంది. ౘ, ౙ అక్షరాలు 2008లో యూనికోడ్‌లో చేరాయి. కనుక లిఖించడానికి సాంకేతిక అడ్డంకి లేదు. వాడే ఖతిలో అవి ఉన్నాయో లేవో ముందుగా చూసుకుంటే చాలు.

ద్విత్వం, అనుస్వారం కూడా ఇంతే. 'కితె' అంటే వచ్చి, 'కిత్తె' అంటే తపాలా బిళ్ళ. తెలుగు చెవికి ఇది 'అక-అక్క' భేదం వంటిది. 'సంపొ' అంటే నడక, 'సంక' అంటే పాల్గొనడం. వెనుక వచ్చే హల్లును బట్టి అనునాసికం మారే పద్ధతి 'సంపద', 'సంకల్పం' పలికేవారికి నేర్పవలసిన పని లేదు.

ఇది కేవలం ధ్వనిశాస్త్ర చర్చ కాదు. 'ఒబసన్' అంటే అత్త లేదా పిన్ని వరుస. 'ఒబాసన్' అంటే అమ్మమ్మ లేదా నాయనమ్మ. వృద్ధుల సంరక్షణకు జపాన్ వెళ్ళే నర్సు ఈ రెండింటినీ రోజూ వాడవలసి వస్తుంది. రోమన్ అక్షరాల చీటీతో నేర్చినవారికి ఈ దీర్ఘం ఒక స్పెల్లింగు వివరం. తెలుగు అక్షరాల చీటీతో నేర్చినవారికి అది 'పలక-పాలక' వంటి స్పష్టమైన భేదం.

5. వాక్యనిర్మాణం:

జపనీస్, తెలుగు భాషల మధ్య బంధుత్వాన్ని ఈ వ్యాసం ప్రతిపాదించడం లేదు. తమిళ-జపనీస్ బంధుత్వాన్ని గురించి సుసుము ఓనొ చేసిన వాదన భాషాశాస్త్రంలో విస్తృత ఆమోదం పొందలేదు. ఇక్కడ చెప్పేది నిర్మాణసామ్యం మాత్రమే. రెండూ కర్త, కర్మ, క్రియ క్రమంలో నడిచేవి. రెండింటిలోనూ విభక్తి ప్రత్యయాలు నామానికి వెనుక వస్తాయి.

ఆంగ్ల మాధ్యమ పాఠాల్లో 'తె రూపం' ఒక పెద్ద అధ్యాయం. 'తబెరు' అంటే తిను. 'తబెతె' అంటే తిని. తెలుగు వ్యాకరణంలో దీన్ని క్త్వార్థకం అంటారు. ఇంకా ముందుకు పోతే సామ్యం ఆశ్చర్యం కలిగిస్తుంది. 'శితె మిరు' అన్న ప్రయోగాన్ని జేఎమ్‌డిక్ట్ 'ప్రయత్నించు' అనే ఆంగ్లార్థంతో వివరిస్తుంది. 'మిరు' అంటే చూడు. 'చేసి చూడు' అంటే తెలుగువారికి వివరణ అక్కరలేదు. 'శితె ఒకు' అన్నది 'చేసి పెట్టు'. 'తబెతె శిమౌ' అన్నది 'తినివేయు'. మూడు వేర్వేరు పాఠాలుగా, మూడు వేర్వేరు నియమాలుగా వచ్చేవి తెలుగులో మూడు నిత్యవ్యవహార ప్రయోగాలు.

'నిన్న వచ్చిన మనిషి' అన్నదాన్ని జపనీస్‌లో 'కినో కిత హితొ' అంటారు. కినో నిన్న, కిత వచ్చిన, హితొ మనిషి. సంబంధ సర్వనామం లేదు, క్రమం మారదు. 'కురు తొ ఇత్త' అంటే 'వస్తానని అన్నాడు'. అక్కడి 'తొ', ఇక్కడి 'అని' ఒకే పని చేస్తాయి. మనుషులను లెక్కించేటప్పుడు 'హితొరి', 'ఫుతరి', 'సన్నిన్' అంటారు. ఒకరు, ఇద్దరు, ముగ్గురు అన్న మహద్వాచక సంఖ్యలు గల తెలుగుకు ఇందులో వింత లేదు. ఆంగ్లానికి ఉంది.

ఈ సామ్యాలు సాఫ్ట్‌వేర్‌లో ఎక్కడా కనిపించవు. తెలుగు అభ్యాసకుడు 'వచ్చిన మనిషి'ని ముందు ఆంగ్లంలోకి తిరగవేసి, ఆ తిరగవేతను మళ్ళీ జపనీస్‌లోకి తిప్పుకుంటాడు. దగ్గరి దారి ఉన్నా చుట్టుదారిన నడుస్తాడు.

6. మాత్ర: ఛందస్సు చెప్పే సంగతి:

జపనీస్ పదాల కాలప్రమాణాన్ని ఆంగ్లగ్రంథాలు తరచు 'సిలబుల్' అనే మాటతో సూచిస్తాయి. తెలుగు హైకూ చర్చల్లో కూడా 5-7-5 లెక్కను అక్షరాల లెక్కగా చెప్పడం పరిపాటి. ఇస్మాయిల్ వంటి కవుల ద్వారా తెలుగులో స్థిరపడిన ఈ ప్రక్రియ ఆంగ్లం మీదుగానే వచ్చింది కనుక ఇది సహజమే. కాని జపనీస్ లెక్క అక్షరాలది కాదు, మాత్రలది. హ్రస్వాచ్చు గల అక్షరం ఒకటి. దీర్ఘానికి రెండు. ద్విత్వంలోని మొదటి హల్లుకు ఒకటి, పదాంత నకారానికి ఒకటి.

దీన్ని తెలుగు ఛందస్సుతో పోల్చి చూడవచ్చు. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. 'తోక్యో' రెండు గురువులు, నాలుగు మాత్రలు. జపనీస్ లెక్క కూడా నాలుగే. 'నిప్పొన్'లో ద్విత్వానికి ముందున్న 'ని' గురువు, పొల్లుతో కూడిన 'పొన్' గురువు, మొత్తం నాలుగు, అక్కడా నాలుగే. 'నిహొన్' లఘువు, గురువు కలిసి మూడు. 'ఓసక' నాలుగు. 'క్యోతొ' మూడు. లెక్క ప్రతిచోటా సరిపోయింది.

ఒకచోట మాత్రం సరిపోదు. అతిథి, ఖాతాదారు అన్న అర్థాల్లో వాడే 'ఒక్యకు'లో జపనీస్ లెక్క మూడు. తెలుగు లెక్కలో సంయుక్తాక్షరానికి ముందున్న 'ఒ' గురువై నాలుగు అవుతుంది. జపనీస్‌లో యకారవత్తు ముందరి అక్షరాన్ని బరువు చేయదు. ఈ ఒక్క సవరణతో తెలుగు విద్యార్థికి తెలిసిన గురులఘు విభజన జపనీస్ లయకు కొలతబద్దగా పనికివస్తుంది. ఛందస్సు పాఠం ఉద్యోగపరీక్షకు పనికిరాదనే అభిప్రాయం ఉన్న కాలంలో ఇది తెలుగు అధ్యాపకులు గమనించదగిన విషయం.

7. టైపింగు, ఖతులు:

లినక్స్‌లో జపనీస్ టైపు చేయడానికి ఐబస్ లేదా ఎఫ్‌సిటిఎక్స్ చట్రంలో మోజ్క్ వాడతారు. గూగుల్ తన జపనీస్ టైపింగు సాధనం మూలసంకేతాన్ని 2010లో ఈ పేరుతో విడుదల చేసింది. రోమన్ అక్షరాలు నొక్కితే కన అక్షరాలు వస్తాయి. స్పేస్ నొక్కితే సరిపోయే కంజిల జాబితా వస్తుంది.

తెలుగును ఆర్‌టీఎస్ పద్ధతిలో టైపు చేసేవారికి ఇక్కడ ఒక తిరకాసు ఉంది. ఆర్‌టీఎస్‌లో ఒకారానికి చిన్న 'ఓ', ఓకారానికి పెద్ద 'ఓ' నొక్కాలి. మోజ్క్‌లో దీర్ఘ ఓకారానికి సాధారణంగా 'ఓ, యు' అని రెండు మీటలు నొక్కాలి. తోక్యో కోసం టి, ఓ, యు, కె, వై, ఓ, యు అని ఏడు మీటలు. ఒకే కీబోర్డుపై, ఒకే ధ్వనికి, రెండు భాషల్లో రెండు అలవాట్లు. తెలుగును ఇన్‌స్క్రిప్ట్‌లో టైపు చేసేవారికి ఈ ఘర్షణ ఉండదు, ఎందుకంటే రోమన్ అలవాటు జపనీస్‌కు మాత్రమే మిగులుతుంది. రెండు భాషలు కలిపి చీటీలు తయారుచేసేవారికి ఇన్‌స్క్రిప్ట్ మేలు.

ఖతుల సమస్య ఇంతకంటే లోతైనది. యూనికోడ్ చీనా, జపనీస్, కొరియన్ చిత్రాక్షరాల్లో సమానమనుకున్నవాటికి ఒకే సంకేతసంఖ్య ఇచ్చింది. రూపభేదాన్ని ఖతికి వదిలింది. ఎముక అని అర్థమిచ్చే 'హొనె', సరిచేయు అని అర్థమిచ్చే 'నవొసు' కంజిలు చీనా ఖతిలో ఒక రూపంలో, జపనీస్ ఖతిలో మరో రూపంలో కనిపిస్తాయి. కంప్యూటరు భాష తెలుగుగానో ఆంగ్లంగానో ఉన్నప్పుడు ఏ ఖతి ముందు వస్తుందో వ్యవస్థ అమరికను బట్టి ఉంటుంది. చీనా రూపం ముందుకు వస్తే అభ్యాసకుడు నెలల తరబడి జపనీస్ కాని రూపాన్ని ధారణ చేస్తాడు. తప్పు జరుగుతున్నదని చెప్పే సూచన తెరపై ఏదీ ఉండదు. నోటో సీజేకే ఖతుల జపనీస్ రూపాన్ని నెలకొల్పి, అంకి చీటీ నమూనాలో ఆ ఖతి పేరును, భాషాసంకేతాన్ని స్పష్టంగా పేర్కొనడం దీనికి పరిష్కారం. అదే చీటీలో తెలుగు అర్థానికి తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన2000, వేమన2000 వంటి స్వేచ్ఛా ఖతులను ప్రత్యేకంగా నిర్దేశించవచ్చు.

8. తెలుగు మాధ్యమానికి పరిమితులు:

తెలుగును మధ్యలో నిలిపితే అన్నీ తేలికవుతాయనడం అతిశయోక్తి. 'వ', 'గ' ప్రత్యయాల భేదానికి తెలుగులో ఒకే మాటతో సమానార్థకం లేదు. 'అయితే', 'మాత్రం' వంటివి కొన్నిచోట్ల సరిపోతాయి, కొన్నిచోట్ల తప్పుదారి పట్టిస్తాయి. ఉండటాన్ని సూచించే 'ఇరు', 'అరు' క్రియల విభజన ప్రాణి, అప్రాణి భేదంపై నడుస్తుంది. తెలుగులో మహత్తు, అమహత్తు భేదం. కుక్క ఉందన్నప్పుడు జపనీస్‌లో మనుషులకు వాడే క్రియే వస్తుంది. తెలుగులో వస్తువులకు వాడే రూపం వస్తుంది. నిర్దేశక సర్వనామాలు తెలుగులో ఇది, అది. జపనీస్‌లో కొరె, సొరె, అరె అని మూడు. స్వరపు ఎత్తును బట్టి 'హశి' వంతెనో, భోజనపు పుల్లలో తెలియాలి. ఇది తెలుగు లిపికి అందదు. దానికి శబ్దం వినిపించే చీటీలే శరణ్యం.

తెలుగు లిపితో కన నేర్చుకోవడం తొలి వారాలకే పరిమితం కావాలన్నది కూడా ఇక్కడ చెప్పవలసిన మాట. రోమన్ ఊతకర్ర స్థానంలో తెలుగు ఊతకర్రను శాశ్వతంగా నిలపడం ఈ విమర్శ లక్ష్యం కాదు.

9. దత్తాంశ నిర్మాణం: ఒక పూర్వోదాహరణ:

ఈ లోటును పూరించడం ఎవరి పని అన్న ప్రశ్నకు జపాన్‌లోనే ఒక జవాబు ఉంది. యసుహితొ తనక అనే ఆచార్యుడు తన విద్యార్థులకు ఒక్కొక్కరికి 300 చొప్పున జపనీస్-ఆంగ్ల వాక్యాల జంటలను సేకరించే పని అప్పగించాడు. కొన్నేళ్ళలో రెండు లక్షలకు పైగా జంటలు పోగయ్యాయి. వాటిలో తప్పులు, పునరుక్తులు చాలా ఉన్నాయి. తరువాతివారు వాటిని వడపోశారు. ఆ సంచయం తతొఎబ అనే బహుభాషా వాక్యసంగ్రహంలో చేరి, నేడు జపనీస్ నిఘంటు సాధనాలకు ఉదాహరణవాక్యాలను అందిస్తోంది. అంటే ప్రపంచమంతా వాడుతున్న ఒక వనరుకు పునాది తరగతిగదిలో ఇచ్చిన ఇంటిపని.

తెలుగులోనూ ఇటువంటి నిదర్శనం లేకపోలేదు. సి.పి. బ్రౌన్ 1852లో వెలువరించిన తెలుగు-ఆంగ్ల నిఘంటువు పరిష్కృత ముద్రణను షికాగో విశ్వవిద్యాలయం డిజిటల్ రూపంలోకి తెచ్చింది. నేడు తెలుగు పదం వెతికే పరిశోధకులకు అది అందుబాటులో ఉన్న ప్రధాన ఆధారాల్లో ఒకటి. మరోవైపు యూనికోడ్ కాని ఖతుల్లో దశాబ్దాలుగా అచ్చయిన తెలుగు పాఠం, వెతకడానికి వీలులేక ఫైళ్ళలో పడి ఉంది. నిఘంటువు ఎంత గొప్పదైనా దాని దత్తాంశం తెరిచి ఉన్నప్పుడే అది సాఫ్ట్‌వేర్‌కు ఆహారమవుతుంది.

కనుక చేయదగిన పని పరిమితమైనది, స్పష్టమైనది. ఎన్5, ఎన్4 స్థాయిలకు అవసరమైన పదాలను జేఎమ్‌డిక్ట్ నుంచి తీసి, ఒక్కొక్కదానికి తెలుగు ఉచ్చారణ, తెలుగు అర్థం, వ్యాకరణసామ్యం అనే మూడు గడులు చేర్చవచ్చు. మూలలైసెన్సు షరతుల ప్రకారం ఫలితాన్ని కూడా స్వేచ్ఛగానే విడుదల చేయాలి. అర్థాన్ని ఆంగ్ల వివరణ నుంచి అనువదించకుండా, జపనీస్ తెలిసినవారి పరిష్కరణతో నేరుగా నిర్ణయించాలి. లేకుంటే ఈ వ్యాసం ఎత్తిచూపిన దోషమే తెలుగు ముసుగులో తిరిగి వస్తుంది. క్త్వార్థకం, మహద్వాచకం, మాత్ర వంటి గడుల్లో తెలుగు శాఖల అధ్యాపకుల అవసరం నేరుగా ఉంటుంది. జపనీస్ శాఖ ఒక్కటే చేయగల పని కాదు ఇది.

10. ముగింపు:

లినక్స్‌పై లభించే జపనీస్ అభ్యాస సాధనాలు ధారణలో, నిఘంటు విస్తృతిలో, టైపింగులో పరిణతి చెందినవి. అవి తెలుగు అభ్యాసకుని ఎక్కడా అడ్డుకోవు; కాని ఎక్కడా గుర్తించవు. దీర్ఘహ్రస్వ భేదం, దంత్య చకారం, ద్విత్వం, క్త్వార్థకం, మాత్రల లెక్క అతని వద్ద ముందే ఉన్నాయి. ఆంగ్ల మాధ్యమం వాటిని అతని చేతనుంచి తీసుకొని, కొత్త పాఠాలుగా తిరిగి ఇస్తోంది.

ఈ స్థితికి సాఫ్ట్‌వేర్ నిర్మాతలను తప్పుపట్టడానికి లేదు. వారు తమకు తెలిసిన భాషలో పనిచేశారు, పనిని తలుపులు తెరిచి ఉంచారు. ఆ తలుపు గుండా స్లొవేనియన్ వెళ్ళింది, హంగేరియన్ వెళ్ళింది. మానవపాడులో పాత కంప్యూటరు ముందు కూర్చుని ఎన్4 పరీక్షకు చదివే అభ్యాసకునికి కావలసినది మరో కొత్త సాఫ్ట్‌వేర్ కాదు. ఉన్న సాఫ్ట్‌వేర్‌లోని చీటీపై ఒక తెలుగు గడి. ఆ గడిని నింపగల పాండిత్యం తెలుగు శాఖల్లో ఉంది.